దస్తావేజు దాకా రాని రాయితీ

(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం)

సొంత ఇల్లు లేని కుటుంబం మొదటిసారి ఇల్లు అమర్చుకునేటప్పుడు ప్రభుత్వం తన రాబడిలో కొంత వదులుకునైనా ఆ కుటుంబానికి ఆసరా కావాలన్న సూత్రాన్ని కాదనేవారు అరుదు. వదులుకున్న ఆ రాబడి చివరికి ఎవరి గడపలోకి చేరుతున్నదన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. 2013 నుంచి 2022 దాకా ఆదాయపు పన్ను చట్టం మొదటి ఇంటి కొనుగోలుదారు పేరు చెప్పి మూడు విడతలుగా ప్రత్యేక రాయితీలు ఇచ్చింది. మూడింటికీ గడువు పెట్టింది. మూడూ గడువు తీరి మూతపడ్డాయి. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, కాలువల వెంట, వరిచేల అంచున ఇల్లు కట్టుకునే మనిషి వైపు నుంచి ఆ రాయితీలను చూడటం ఈ ఉపన్యాసం ఉద్దేశం. పరిశీలనలో తేలే విషయాన్ని ముందే చెప్పడం మేలు. ఆ రాయితీలు అర్హతను నిర్ణయించడానికి ఇల్లు లేకపోవడాన్ని చూశాయి గాని, సాయం ఎంతన్నది నిర్ణయించడానికి పన్ను కట్టే స్తోమతను చూశాయి. ఈ రెండు కొలతలూ ఒకే మనిషి దగ్గర కలవడం డెల్టాలో చాలా అరుదు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ పట్టాభి సీతారామయ్య 1880లో గుండుగొలనులో, అంటే తరువాతి కాలంలో పశ్చిమ గోదావరి జిల్లాలో చేరిన గ్రామంలో, జన్మించారు. వైద్యుడిగా మచిలీపట్నంలో స్థిరపడి, ఆ వృత్తిని వదిలి ప్రజాజీవితంలోకి వచ్చిన ఆయన కాంగ్రెస్ చరిత్రకారుడిగా, 1948లో ఆ సంస్థ అధ్యక్షుడిగా ఎక్కువగా గుర్తుండిపోయారు; అయితే 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పడం తెలుగువారి ఆర్థిక జీవితంలో ఆయన వేసిన ముద్రల్లో ముఖ్యమైనది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. సంస్థాగత పరపతి, అంటే బ్యాంకులూ సహకార సంఘాలూ నియమబద్ధమైన వడ్డీకి ఇచ్చే అప్పు, ఎవరికి అందుతుంది, ఎవరు దాని గుమ్మం బయటే ఉండిపోతారు అన్న ప్రశ్న మాత్రం ఇంటి విషయంలో ఈనాటికీ తేలలేదు. పన్ను రాయితీ కథ కూడా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా చట్టం చేసే పనిని అర్థం చేసుకోవాలి. మినహాయింపు అంటే పన్ను లెక్కకట్టే ముందు ఆదాయంలోంచి తీసివేసే మొత్తం. అది ప్రభుత్వం చేతికిచ్చే సొమ్ము కాదు, ఆ మొత్తం మీద పడవలసిన పన్ను పడకుండా పోవడం మాత్రమే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 24(బి) సొంతంగా నివసించే ఇంటి అప్పు మీద ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా వడ్డీని ఇలా తీసివేయనిస్తుంది; 2014 బడ్జెట్‌కు ముందు ఈ పరిమితి లక్షన్నర. అప్పులో అసలు కింద కట్టిన సొమ్ము, ఇల్లు కొన్న ఏడాది చెల్లించిన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సెక్షన్ 80సి కింద, బీమా ప్రీమియం, భవిష్యనిధి వంటి వాటితో కలిపి లక్షన్నర దాకా మినహాయింపు పొందుతాయి. యజమాని తానే నివసించే ఇంటికి చట్టం అద్దె ఆదాయాన్ని సున్నాగా ఎంచుతుంది గనుక, ఆ సున్నాలోంచి 2 లక్షల వడ్డీ తీసివేస్తే కాగితం మీద 2 లక్షల నష్టం తేలుతుంది, ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. ఇది మొదటి ఇల్లు కొన్నవారికీ, ఉన్న ఇల్లు అమ్మి పెద్దది కొన్నవారికీ ఒకే తీరుగా వర్తించే సాధారణ నియమం.

దీనిమీద మొదటి ఇంటివారికి వేసిన అదనపు వరసలు మూడు. 2013లో వచ్చిన సెక్షన్ 80ఈఈ, 2013 ఏప్రిల్ నుంచి ఏడాదిలోపు మంజూరైన 25 లక్షల లోపు అప్పుకు, 40 లక్షల లోపు ఇంటికి, మొత్తం మీద లక్ష రూపాయల అదనపు వడ్డీ మినహాయింపు ఇచ్చింది. 2016లో అదే సెక్షన్‌ను తిరగరాసి, ఆ ఆర్థిక సంవత్సరంలో మంజూరైన 35 లక్షల లోపు అప్పుకు, 50 లక్షల లోపు ఇంటికి, ఏటా 50 వేలు ఇచ్చారు. 2019లో నిర్మలా సీతారామన్ ప్రవేశపెట్టిన సెక్షన్ 80ఈఈఏ వీటన్నిటికంటే ఉదారమైనది. స్టాంపు విలువ 45 లక్షలు మించని ఇంటికి, ఏటా లక్షన్నర అదనపు మినహాయింపునిచ్చిన ఈ సెక్షన్ గడువును రెండుసార్లు పొడిగించి, 2022 మార్చి 31 తరువాత మంజూరయ్యే అప్పులకు ఆపేశారు. ఆర్థిక మంత్రి నరసాపురం కోడలు కావడం వల్ల ఆ బడ్జెట్ డెల్టా పత్రికల్లో ఆప్యాయంగానే చర్చకు వచ్చి ఉండవచ్చు. కానీ నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇంటి అరుగుల మీద కూర్చుని లేసు అల్లే స్త్రీల ఇళ్లలో ఆ సెక్షన్ వాడుకోగలిగిన ఇల్లు ఎక్కడైనా ఉంటే అది మినహాయింపే.

ఎందుకో ఒక లెక్క చూపుతుంది. రాజమహేంద్రవరంలో మోరంపూడి, బొమ్మూరు వైపున పెరిగిన అపార్ట్‌మెంట్లలో 2021లో ఒక కుటుంబం 45 లక్షలకు ఫ్లాట్ కొని, 36 లక్షలు 7 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో అప్పు తీసుకున్నదనుకుంటే, తొలి ఏడాది వడ్డీ సుమారు రెండున్నర లక్షలు అవుతుంది. సెక్షన్ 24(బి)లో 2 లక్షలు, 80ఈఈఏలో మిగిలిన 50 వేలు పోతాయి. పన్ను వేయదగిన ఆదాయం 14 లక్షలున్న ఉద్యోగికి సెస్సుతో కలిపి చివరి రూపాయి మీద పడే పన్ను 31.2 శాతం కనుక అతనికి మిగిలేది 78 వేలు. అదే ఇల్లు, అదే అప్పు, అదే వడ్డీతో 8 లక్షల ఆదాయమున్న ఉద్యోగికి మిగిలేది 52 వేలు. మండపేట రైసుమిల్లులో గుమాస్తాగా, లేదా అమలాపురంలో ప్రైవేటు బడి పంతులుగా పనిచేస్తూ ఏడాదికి 4 లక్షలు సంపాదించే వ్యక్తికి ఏ బ్యాంకైనా సాహసించి అంత అప్పు ఇచ్చినా, అతనికి మిగిలేది సున్నా. 5 లక్షల లోపు ఆదాయానికి 2019 నుంచి రిబేటు వల్ల పన్నే లేదు, లేని పన్నులో తగ్గేదేమీ ఉండదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులై ఇల్లు ఇద్దరి పేరా ఉంటే ఎవరి 2 లక్షలు వారు విడివిడిగా తీసివేయవచ్చు గనుక, రెండు జీతాల ఇంటికి అందే సాయం ఒక్క జీతపు ఇంటికి అందేదానికి రెట్టింపు కూడా కావచ్చు. అవసరం పెరిగేకొద్దీ సాయం తగ్గే నిచ్చెన ఇది. వ్యవసాయ ఆదాయం సెక్షన్ 10(1) కింద కేంద్రపు పన్ను పరిధికి బయటే ఉన్నందున, వరి, కొబ్బరి మీద మాత్రమే బతికే సన్నకారు రైతు ఈ నిచ్చెన తొలి మెట్టు కూడా ఎక్కడు.

డెల్టాలో మొదటి ఇల్లు పుట్టే తీరును దగ్గర నుంచి చూస్తే ఈ అంతరం ఇంకా స్పష్టమవుతుంది. కొనుగోలుదారు అన్న మాటే నగరంలోంచి వచ్చింది. పల్లెలోనూ చిన్న పట్నంలోనూ మొదటి ఇల్లు కొనరు, కడతారు, అదీ ఒక్కసారిగా కట్టరు. తాపీమేస్త్రీ కుటుంబం ముందు రెండు సెంట్ల స్థలం సంపాదిస్తుంది, సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అది ఒకప్పటి వరిచేను కాబట్టి పల్లంగా ఉంటుంది. మెట్ట ప్రాంతం నుంచి ట్రాక్టర్ల మీద ఎర్ర గ్రావెలు తోలి రోడ్డు మట్టానికి మెరక చేయకపోతే మొదటి వానాకాలంలోనే గుమ్మంలోకి నీళ్లొస్తాయి. ఆ మెరక రెండు వానలకు కుదురుకున్నాక పునాది, మరో పంట కాలానికి గోడలు, చీటీ పాట దక్కిన ఏడాది శ్లాబు. కూతురి పెళ్లి అడ్డొస్తే ప్లాస్టరింగ్ ఆగిపోతుంది. స్తంభాల మీద చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని, సున్నం పడని ఇటుక గోడలతో పదేళ్లుగా మనుషులు కాపురముంటున్న ఇళ్లు రావులపాలెం నుంచి రాజోలు దాకా ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. చట్టం మాత్రం అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్లలో కట్టడం పూర్తి కాకపోతే 2 లక్షల పరిమితిని 30 వేలకు దించుతుంది. 2016కు ముందు ఆ గడువు మూడేళ్లే. ఖాళీ స్థలం కొనడానికి మాత్రమే తెచ్చిన అప్పుకు, మెరక ఖర్చుకు అసలు లెక్కే లేదు. ఏడాది తెరచి ఉంచిన 80ఈఈ తలుపు, పదేళ్ల పాటు కట్టుబడి సాగే ఇంటికి ఏ ఏడాది తెరచినట్టు?

అప్పు సంగతి అంతకంటే గట్టిది. అదనపు మినహాయింపులన్నీ బ్యాంకు లేదా గృహరుణ సంస్థ ఇచ్చిన అప్పుకే పరిమితం. బ్యాంకు అప్పుకు దస్తావేజు కావాలి, దాని వెనక లింకు డాక్యుమెంట్లు కావాలి, ఈసీ, అంటే ఆస్తి మీద ఇతర తనఖాలు లేవని రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ధ్రువపత్రం, కావాలి. గ్రామకంఠంలో, అంటే రెవెన్యూ లెక్కల్లో ఊరి నివాస భూమిగా నమోదై సర్వే నంబరు విడివిడిగా పడని నేలలో, తాతల నాటి నుంచి ఉంటున్న కుటుంబానికి ఇంటి పన్ను రసీదు ఉంటుంది గాని దస్తావేజు ఉండదు. ప్రభుత్వం పంచిన అసైన్డు స్థలానికి 1977 నాటి చట్టం బదిలీ మీద పెట్టిన ఆంక్షలు బ్యాంకు అధికారిని వెనక్కు లాగుతాయి. అప్పుడు మిగిలేది ప్రామిసరీ నోటు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చి శ్లాబు పోసుకున్న మేస్త్రీ ఏడాదికి కట్టే వడ్డీ 72 వేలు. రాజమహేంద్రవరంలో 36 లక్షల అప్పున్న ఉద్యోగికి ప్రభుత్వం ఆ ఏడాది వదిలిపెట్టిన పన్ను 78 వేలని పైన తేలింది. ఈ రెండు అంకెలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడటం పన్ను విధానం రాసేవారికి ఎంతో అవసరం. సెక్షన్ 24(బి) కింద ప్రైవేటు అప్పు వడ్డీకి కూడా మినహాయింపు ఉందని న్యాయవాదులు చెబుతారు, అది నిజమే. కానీ వడ్డీ పుచ్చుకున్నవాడు ఇంత పుచ్చుకున్నానని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, నోటు మీద వడ్డీకి తిప్పే వ్యక్తి ఆ సంతకం చేయడు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసి డబ్బు పంపే స్త్రీల సంగతి కూడా ఇంతే. వారి చెమటతో లేచిన శ్లాబు ఇళ్లు ఊరూరా ఉన్నాయి, అయితే ఆ సంపాదనకు ఇక్కడ పన్నూ లేదు, కాబట్టి రాయితీ కూడా లేదు.

మొదటి ఇల్లు అన్న మాటకు చట్టమిచ్చిన నిర్వచనం కూడా ఆలోచించదగినది. అప్పు మంజూరైన నాటికి దరఖాస్తుదారు పేరిట నివాసగృహం ఉండకూడదన్నదే షరతు. తండ్రి పేరిట భీమవరంలో రెండంతస్తుల మేడ ఉన్న కుమారుడు ఈ షరతు ప్రకారం ఇల్లు లేనివాడు. ముగ్గురు తోబుట్టువులతో కలిసి కూలుతున్న పెంకుటింట్లో నాలుగో వంతు వాటా సంక్రమించిన వ్యక్తిని మాత్రం ఇల్లున్నవాడిగా లెక్కించే వీలుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది, దేశం ఆ దారిన నడవడానికి 2005 దాకా పట్టింది. అంత మంచి చట్టం ఇచ్చిన కాగితపు వాటా, ఎన్నడూ చేతికి రాని వాటా, ఆ ఆడపిల్ల మొదటి ఇంటి రాయితీకి అడ్డం కాగల సందిగ్ధాన్ని చట్టకర్తలు పట్టించుకోలేదు.

మొదటి ఇంటికి గడువులు పెట్టిన చట్టం రెండో ఇంటికి గడువు పెట్టకపోవడం ఇంకా లోతైన అన్యాయం. 2017 దాకా అద్దెకిచ్చిన ఇంటి అప్పు వడ్డీకి పరిమితే లేదు; ఎన్ని ఇళ్లు అప్పు మీద కొన్నా అద్దె పోగా మిగిలిన వడ్డీనంతా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. ఆ ఏడాది ఈ తగ్గింపుకు 2 లక్షల హద్దు గీశారు. 2019 మధ్యంతర బడ్జెట్ రెండో సొంత ఇంటికి కూడా ఊహాత్మక అద్దెను, అంటే అద్దెకిస్తే వచ్చి ఉండేదన్న ఆదాయాన్ని, లెక్కించడం మాన్పింది. ఒక ఇల్లు అమ్మగా వచ్చిన లాభంతో మరో ఇల్లు కొంటే సెక్షన్ 54 ఆ లాభం మీద పన్ను వేయదు. దానికి 10 కోట్ల హద్దు పెట్టింది 2023లో. అమ్మడానికి ఇల్లు ఉన్నవాడు మొదటి ఇంటివాడు కాలేడని వేరే చెప్పనక్కరలేదు.

2020లో వచ్చి, 2023 నుంచి అప్రమేయంగా, అంటే వేరేది ఎంచుకోకపోతే దానంతటదే, వర్తించే కొత్త పన్ను విధానం ఈ చిత్రాన్ని తలకిందులు చేసింది. రేట్లు తగ్గించి మినహాయింపులు ఎత్తివేయడం దాని స్వభావం. 2024 జులై 31 నాటికి దాఖలైన 7.28 కోట్ల రిటర్నుల్లో 5.27 కోట్లు, అంటే నూటికి 72, కొత్త విధానంలోవే. 2025 బడ్జెట్ 12 లక్షల దాకా ఆదాయానికి ఈ విధానంలో పన్ను లేకుండా చేశాక పాత విధానానికి అంటిపెట్టుకునే కారణం చాలామందికి పోయింది. కొత్త విధానంలో సొంత నివాసపు అప్పు వడ్డీకి, 80సికి, 80ఈఈఏకి చోటు లేదు. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని మాత్రం ఆ అద్దెలోంచి తీసివేయవచ్చు. అద్దె ఆదాయం కోసం పెట్టిన ఖర్చును ఆ ఆదాయంలోంచి మినహాయించడం పన్ను శాస్త్రం ప్రకారం సమంజసమే. అయినా ఫలితం చూస్తే, తన ఇంట్లో తానుండే మొదటి ఇంటివారికి అప్రమేయ విధానంలో ఏమీ లేదు, రెండో ఇల్లు అద్దెకిచ్చినవారికి ఎంతో కొంత ఉంది. పార్లమెంటులో మొదటి ఇంటి రాయితీ కావాలా వద్దా అన్న చర్చ సూటిగా జరగకుండానే అది ఇలా వాడుకలోంచి జారిపోయింది.

ఇతర దేశాల అనుభవం దీనికి దూరంగా లేదు. బ్రిటన్ 1983 నుంచి గృహరుణ వడ్డీ మీద పన్ను ఉపశమనాన్ని అప్పిచ్చే సంస్థ దగ్గరే ఇచ్చి, తొంభైలలో దాని రేటును మెట్టుమెట్టుగా తగ్గించి, 2000 ఏప్రిల్‌లో రద్దు చేసింది. తెలుగు కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన అమెరికాలో 2017 చట్టం వడ్డీ మినహాయింపును 10 లక్షల డాలర్ల అప్పు నుంచి ఏడున్నర లక్షలకు కుదించి, ప్రామాణిక మినహాయింపును దాదాపు రెట్టింపు చేయడంతో వడ్డీని విడిగా చూపేవారి సంఖ్య బాగా పడిపోయింది. ఆర్థికవేత్తలు వడ్డీ రాయితీల మీద పెట్టుకున్న ప్రధాన అభ్యంతరం డెల్టాకు బాగా తగులుతుంది. అమ్మకానికి వచ్చే స్థలం పెరగని చోట కొనేవాడి చేతిలో పెట్టిన రాయితీ ధరలో కలిసి అమ్మేవాడికి చేరుతుంది. రొయ్యల చెరువుల సంపాదన, విదేశాల నుంచి వచ్చే డబ్బు కలిసి పట్నాల అంచున స్థలాల ధరలను పైకి నెట్టే భీమవరం వంటి చోట, వరిచేలను కోల్పోకుండా కొత్త నివాసస్థలం పుట్టించడం సులభం కాదు. అక్కడ పన్ను మినహాయింపు ఇళ్ల సంఖ్యను పెంచిందనడం కంటే ధరను పెంచిందనడం వాస్తవానికి దగ్గర.

దేశంలో ఇళ్ల కొరత ఎవరిదన్నది తెలియని విషయం కాదు. కేంద్రం నియమించిన సాంకేతిక బృందం 2012లో పట్టణాల కొరతను 1.878 కోట్ల ఇళ్లుగా అంచనా వేసి, అందులో నూటికి 95కు పైగా ఆర్థికంగా బలహీన వర్గాలు, అల్పాదాయ వర్గాలదేనని తేల్చింది. ఆ కొరతలో కూడా సింహభాగం ఇరుకు ఇళ్లదే. పెళ్లైన కొడుక్కి గది లేని ఇల్లు అందులో లెక్కకు వస్తుంది. 2011 జనగణన అదే పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు చూపింది. రాయితీ మీద నడిచే మార్కెట్ అవసరమున్న వైపు కట్టలేదనడానికి ఈ రెండు అంకెలూ చాలు.

పన్నుతో ముడిపడని సాయాలు ఇంతకంటే గురి చూసి వేసినవే. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలోని వడ్డీ రాయితీ పథకం, 6 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తొలి 6 లక్షల అప్పు మీద 6.5 శాతం వడ్డీని ముందుగానే లెక్కకట్టి 2.67 లక్షల దాకా అప్పు ఖాతాలో జమచేసింది. పన్ను కట్టినా కట్టకపోయినా అందే సాయం అది, పైగా ఇంటి హక్కులో స్త్రీకి భాగం ఉండాలన్న షరతు పెట్టింది. 2024లో మొదలైన రెండో దశ 9 లక్షల లోపు ఆదాయమున్నవారికి 1.80 లక్షల దాకా అయిదు వాయిదాల్లో ఇస్తున్నది. అయితే ఇవి కూడా బ్యాంకు గుమ్మం దాటినవారికే. ఆ గుమ్మం దాటలేనివారి కోసం రాష్ట్రం స్థలాలు పంచింది. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన పంపిణీలో పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు చొప్పున స్త్రీల పేరిట పట్టాలు ఇచ్చారు. ఎవరికివ్వాలన్నది సరిగ్గా చూసిన ఆ పథకం ఎక్కడివ్వాలన్న దగ్గర తడబడింది. రాజమహేంద్రవరం పేదల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడిలో ఎంచిన ఆవ భూములు, అంటే వాననీరు దిగి నిలిచే లోతట్టు భూములు, వివాదమై న్యాయస్థానం దాకా వెళ్లాయి. ఇల్లంటే ఏమిటో డెల్టాలో నీటి మట్టమే నిర్ణయిస్తుందని ఈ నేల మీద పుట్టినవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

పన్ను రాయితీని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. జీతగాడు పన్ను ఎగవేయలేడు, అతనికి చట్టబద్ధంగా దక్కే ఊరటల్లో ఇదొకటి. బ్యాంకు అప్పు కోసం ఇల్లు నిజమైన విలువకు రిజిస్టరవుతుంది, నల్లధనం కొంత తగ్గుతుంది. కట్టుబడి సాగితే తాపీపనివారికి, వడ్రంగులకు, ఇటుక బట్టీలవారికి పని దొరుకుతుంది. ఇవన్నీ నిజమే. కానీ కట్టుబడి పెంచడం లక్ష్యమైతే 72 వేల వడ్డీ భారం దించినా మేస్త్రీ ఆగిన ప్లాస్టరింగ్ పూర్తి చేస్తాడు, కూలి డబ్బు ఆ ఊళ్లోనే తిరుగుతుంది. రిజిస్ట్రేషన్ పెంచడం లక్ష్యమైతే దానికి సూటిగా ఉన్న దారి రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గించడం.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజు మీద స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము ఒకటి, వెరసి ఏడున్నర శాతం. 10 లక్షల చిన్న ఇంటికి ఇది 75 వేలు. పైన తేలిన రెండు అంకెల పక్కన ఈ మూడోది కూడా రాసుకోవాలి. పన్ను కట్టే ఉద్యోగి దీన్లో కొంత 80సి ద్వారా వెనక్కు రాబట్టుకోగలడు, పన్ను లేని గుమాస్తా మొత్తం భరించాలి. మొదటి ఇల్లైనా అయిదో ఇల్లైనా ఇక్కడ రేటు ఒక్కటే. ఈ భారం తప్పించుకోవడానికే ఎందరో స్థలాన్ని ఒప్పంద పత్రం మీద, తెల్లకాగితం మీద కొని, ఆపైన బ్యాంకు అప్పుకు జీవితాంతం దూరమవుతారు. సాయం ఆదాయపు పన్ను రిటర్ను దగ్గర కాక దస్తావేజు దగ్గర అందితే, పన్ను లేనివారికీ అందుతుంది, వారి చేతికి దస్తావేజు వస్తుంది, దస్తావేజుతో నియమబద్ధమైన వడ్డీకి అప్పు పుడుతుంది. నూటికి రెండు రూపాయల నోటు నుంచి బయటపడే దారి అదే.

దీనికి ఉన్న చిక్కు రాజ్యాంగపరమైనది. ఆదాయపు పన్ను వదులుకునేది కేంద్రం, స్టాంపు రాబడి పోగొట్టుకునేది రాష్ట్రం. బదిలీ సుంకమైతే పంచాయతీలకూ పురపాలికలకూ చెందవలసిన సొమ్ము, దాన్ని తగ్గిస్తే ఊరి వీధి దీపం మీద పడుతుంది. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం, కేంద్ర నిధులు కావాలంటే స్టాంపు సుంకాన్ని 5 శాతానికి దించాలని రాష్ట్రాలకు షరతు పెట్టి ఈ చిక్కుకు ఒక దారి చూపింది. 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం ఎక్కువ సుంకం వసూలు చేసే రాష్ట్రాలను తగ్గించమని ప్రోత్సహిస్తామనీ, స్త్రీలు కొనే ఆస్తులకు ఇంకా తగ్గించే ఆలోచన చేయమనీ చెప్పింది. చెప్పడంతో సరిపోదు. మినహాయింపులు లేని కొత్త విధానంలోకి జనం మారినందువల్ల ఇంటి రాయితీల కింద కేంద్రం ఇక వదులుకోనక్కరలేని సొమ్ములో కొంత భాగం, మొదటి ఇంటి మీద సుంకం వదులుకున్న రాష్ట్రాలకు, ముఖ్యంగా వాటి పంచాయతీలకు, పూడ్చి ఇవ్వాలి.

మొదటి ఇల్లని ఎలా గుర్తించాలన్న అనుమానం తీర్చలేనిది కాదు. రిజిస్ట్రేషన్ శాఖ 1998 నుంచి కంప్యూటర్ల మీద దస్తావేజులు నమోదు చేస్తున్నది. వారసత్వంగా వచ్చిన ఇళ్లు అందులో కనిపించకపోయినా పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరులో కనిపిస్తాయి. ఆ రెండింటినీ సరిపోల్చితే చాలావరకు తేలుతుంది, వాటా కింద వచ్చిన పాతింటిని ఒక హద్దు లోపల లెక్కలోంచి వదిలేయవచ్చు. గ్రామకంఠం ఇళ్లకు 2020లో మొదలైన స్వామిత్వ పథకపు డ్రోన్ కొలతలు హక్కు పత్రంగా మారినప్పుడు ఆ పత్రం తొలి రిజిస్ట్రేషన్‌కు సుంకం ఉండకూడదు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట వరండాలో కూర్చున్న లేఖరి ఈనాడు రాసే దస్తావేజులోనే కొనుగోలుదారు ఆధార్ సంఖ్య, నాలుగు వైపుల హద్దులు, మార్కెట్ విలువ ఉంటాయి. దానికి ఒక్క వాక్యం చేర్చాలి: ఈ ఆస్తి తప్ప తనకూ, తన భార్యకు లేదా భర్తకూ, పెళ్లికాని పిల్లలకూ మరో నివాసగృహం లేదని. ఆ వాక్యం అబద్ధమని తేలిన నాడు తగ్గించిన సుంకం వడ్డీతో సహా ఆ ఇంటి మీదే బకాయిగా నిలిచి, ఈసీలో కనిపించి, అది కట్టేదాకా ఆ ఇల్లు చేతులు మారకుండా ఆగుతుంది.